కోరికల రిజిస్టరు

నాకు షుగరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. మా ఆఫీసుకు వచ్చి ఏడు నెలలే. నాది మందులతో, ఇంజెక్షన్‌తో కాస్తో కూస్తో అదుపులో ఉంది. ఆఫీసుది మాత్రం బాగా ముదిరిపోయింది.

మాది సబ్ ట్రెజరీ. బెల్లం మార్కెట్టున్న ఊరు మాది. ఆ మార్కెట్టు గోడకు ఆనుకునే మా ఆఫీసు, కిటికీ తీస్తే చాలు కొత్త బెల్లం వాసన లోపలికి వచ్చి కూర్చుంటుంది. నేనక్కడ సీనియర్ అకౌంటెంటుని. పేరు బెహరా గణపతిరావు. పెన్షనర్ల సంతకాలు చూడటం నా పని. ఎప్పుడో రిటైరైన నాడు వాళ్ళు వేసిన నమూనా సంతకం పక్కన ఇవాళ వేసిన సంతకం పెట్టి, రెండూ ఒక్కరివేనా కాదా అని తేల్చాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. బజార్లో ఎవరైనా నమస్కారం పెడితే నాకు ముందు వాళ్ళ సంతకం గుర్తొస్తుంది, పేరు తరువాత.

మా ఆఫీసరు వేమకోటి చిదంబరం గారికి షుగరు లేదు. అది తన క్రమశిక్షణకు దక్కిన ప్రశంసాపత్రమని ఆయన నమ్మకం. ఆ మధ్య ఆయన్ని రెండు రోజుల శిక్షణకు పంపారు. ‘ఉద్యోగుల్లో మధుమేహం, మానసిక కోణం’ అని దానికి పేరు. అక్కడొక డాక్టరమ్మ మంచి మాటే చెప్పిందట. షుగరున్న మనిషికి జబ్బు ఒంట్లోనే కాదు, మనసులోనూ ఉంటుంది. తినాలన్న కోరికను దొంగతనంలా దాచుకుంటే దిగులు పెరుగుతుంది, దిగులుతో షుగరూ పెరుగుతుంది. అందుకని ఎవరైనా దగ్గరి మనిషితో చెప్పుకోవాలి అని. చిదంబరం గారు అంతా రాసుకున్నారు. కాకపోతే ‘దగ్గరి మనిషి’ అనే పోస్టు మా శాఖలో మంజూరు కాలేదు. అందుకని ఆ స్థానంలో ఒక రిజిస్టరు పెట్టారు.

నీలం అట్ట, రెండు వందల పేజీలు, ప్రతి పేజీకీ నంబరు. లోపల ఏడు ఖానాలు. వరుస సంఖ్య, తేదీ, కోరిక కలిగిన సమయం, కోరిన పదార్థం, తీవ్రత, జయించారా లేదా, పై అధికారి సంతకం. అట్ట మీద అందమైన అక్షరాలతో ‘తీపి కోరికల నమోదు పుస్తకం’ అని రాయించారు.

“మిత్రులారా,” అన్నారు ప్రారంభోత్సవం నాడు. “చెప్పుకోని కోరిక అంటే లెక్కకు రాని నిల్వ. లెక్కకు రాని నిల్వ ఖజానా శాఖకే మచ్చ. ఇకమీదట ప్రతి ఉద్యోగీ తనకు కలిగిన తీపి కోరికను, కలిగిన పదిహేను నిమిషాల లోపు, విధిగా నమోదు చేయవలసి ఉంటుంది.”

మా అటెండరు అప్పన్న చెయ్యెత్తాడు. “బాబూ, నాకు సుగర్లేదు కదండి.”

“లేదని నీ దగ్గర కాగితం ఉందా?”

“కాగితవేటండీ? లేదు, అంతే.”

“కాగితం సమర్పించే వరకూ ఉన్నట్టే భావించడం జరుగుతుంది,” అన్నారు చిదంబరం గారు.

అప్పన్న ఆ సాయంత్రం దాకా డీలాగా తిరిగాడు. పాపం, ఉన్నపళంగా జబ్బు మనిషైపోయాడు.

మొదటి వారం చిక్కు వచ్చింది జూనియర్ అకౌంటెంటు తారకేశ్వరితో. ఆ అమ్మాయికి తీపంటే పడదు. ఆవకాయ డబ్బా లేనిదే ఆఫీసుకు రాదు. మూడు రోజులు ‘కోరికలు లేవు’ అని రాసింది. చిదంబరం గారు పిలిపించారు.

“శూన్య నివేదిక ఆమోదయోగ్యం కాదమ్మా. కోరిక లేకపోవడం మానవ సాధ్యం కాదు. అంటే మీరు దాస్తున్నారన్నమాట.”

నాలుగో రోజున ఆమె విసుగుపుట్టి ‘లడ్డు’ అని రాసింది. అది అభ్యంతరంతో తిరిగొచ్చింది. ‘లడ్డు అనగా ఏ లడ్డు? పూర్తి వివరములతో తిరిగి సమర్పించవలెను.’ దాంతో తారకేశ్వరిలో ఇన్నాళ్ళూ బిల్లుల కింద నలిగిపోయిన రచయిత్రి నిద్ర లేచింది. మర్నాడు పదకొండుంపావుకి ఇలా రాసింది: ‘ఖాజా. నిన్నటిది కాదు, ఈ పొద్దుటిది. అంచు కొరకగానే పాకం చిటికెన వేలి దాకా జారే రకం. తీవ్రత ఎనిమిది. జయించితిని.’

చదివినవాళ్ళం ఐదుగురం గుటకలు మింగాము. అప్పన్న టీ సాకుతో వీధిలోకి పోయి అరగంటకు గానీ రాలేదు. ఆ రోజు నుంచి పదకొండుంపావు అయ్యేసరికి ఆఫీసు మొత్తం తారకేశ్వరి కలం వైపు చూసేది. రాయడం రానివాళ్ళు ఆమె చేతే తమ కోరికలు రాయించుకునేవాళ్ళు. ఆమె ఎవరి వయసుకి తగ్గది వాళ్ళకి రాసిపెట్టేది.

నా సంగతి చెప్పాలి. ఈ రిజిస్టరు రాకముందు నాకు రోజుకు రెండు కోరికలుండేవి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి, సాయంత్రం మిఠాయి కొట్టు ముందు నుంచి నడిచేటప్పుడు ఒకటి. తొమ్మిదేళ్ళలో వాటికీ నాకూ ఒక రాజీ కుదిరింది. వస్తాయి, కాసేపు కూర్చుంటాయి, లేచిపోతాయి. నేను మర్యాదగా సాగనంపుతాను. రిజిస్టరు వచ్చాక అవి రోజుకు తొమ్మిదయ్యాయి. అయినా నేను నిజం రాయలేదు. డాక్టరు ముందు కూర్చుని ‘వారం నుంచి నడుస్తూనే ఉన్నానండి’ అని చెప్పడానికి అలవాటుపడ్డ నోరు నాది, చెయ్యి మాత్రం ఎందుకు ఆగుతుంది? ‘బిస్కట్టు ఒకటి, తీవ్రత రెండు, జయించితిని’ అని రాసి పక్కవాడికి తోసేసేవాణ్ణి.

నా అసలు కోరికకు అందులో ఖానా లేదు. ఎవరూ చూడకుండా ఒక్క పూట తినాలని నాకుంటుంది. పెళ్ళిలో నా చెయ్యి బూరె వైపు కదిలితే చాలు, పంక్తిలో నలుగురూ డాక్టర్లైపోతారు. ‘గణపతీ, ఒద్దురా’ అంటాడు పెద్ద బావ. ‘ఒకటైతే ఏం కాదులెండి’ అంటాడు వడ్డించేవాడు. తింటే నిగ్రహం లేనివాణ్ణి, మానేస్తే పాపం జబ్బు మనిషిని. ఇంటికొచ్చాక మా ఆవిడ కామేశ్వరి ‘తిన్నారా?’ అని అడగదు, నా మొహం చూస్తుంది. అది ఇంకా కష్టం.

మూడో నెలలో జిల్లా నుంచి డిప్యూటీ డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. రిజిస్టరు చూసి మురిసిపోయి, జిల్లా అంతటా అమలు చేయవలసిందని రాశారు. వెళ్ళేముందు రెండు లోపాలు పట్టుకున్నారు. ఒకటి నాది.

‘శ్రీ బెహరా గణపతిరావు, షుగరుగల ఉద్యోగి అయియుండి, నెలకు పదకొండు కోరికలు మాత్రమే నమోదు చేసియున్నారు. షుగరు లేని శ్రీమతి తారకేశ్వరి నలభై ఆరు నమోదు చేసియున్నారు. సదరు ఉద్యోగి కోరికలను దాచిపెట్టినట్లు ఎందుకు భావించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.’

రెండోది, ఆరో ఖానా ఖాళీగా ఉన్న కోరికలు. మా దగ్గర పనిచేసి బదిలీ మీద వెళ్ళిన గుమస్తా ఒకడు, పోతూ పోతూ ఒక పూతరేకును జయించాడో లేదో రాయకుండా పోయాడు. అది పెండింగు కింద తేలింది. అతని సీటు చార్జి తీసుకున్నది నేనే కనక ఆ పూతరేకు నా తలకు చుట్టుకుంది. ఇంకొకడికి పుట్టిన కోరికను నేను నెల రోజుల పాటు జయించాను. నిజం చెప్పొద్దూ, నా సొంతవాటికన్నా అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఆ తనిఖీ ఇచ్చిన ఊపుతో చిదంబరం గారు ఆఫీసును ‘తీపి రహిత ప్రాంగణం’గా ప్రకటించారు. టీలో పంచదార పోయింది. మార్కెట్టు వైపు కిటికీ మూయించి గడియకు మేకు కొట్టించారు, వాసన కూడా అనధికార ప్రవేశమే కనక. ప్రమోషన్ వచ్చినవాళ్ళు స్వీట్లకు బదులు జంతికలు పంచారు. చివరికి సొరుగులు వెతికించారు. నా సొరుగులో గ్లూకోజ్ పొట్లం దొరికింది.

“ఇది తీపి కాదండి, మందు,” అన్నాను. “ఇంజెక్షన్ తీసుకునేవాడికి ఒక్కోసారి షుగరు మరీ దిగిపోతుంది. ఆ నిమిషంలో ఇది నోట్లో పడకపోతే మనిషి దక్కడు. ఇదిగోనండి డాక్టరు రాసిన కాగితం.”

ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. “అంటే ప్రాణాధారమైన వస్తువా?”

“అవునండి.”

“ఇంత విలువైన వస్తువును తాళం లేని సొరుగులో ఉంచారా, బెహరా గారూ?”

ఆ పొట్లం డబల్ లాకులోకి పోయింది. డబల్ లాకు అంటే మా దగ్గర స్టాంపులు, పరీక్షల ప్రశ్నపత్రాలు భద్రపరిచే ఉక్కు బీరువా. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆఫీసరు దగ్గర, రెండోది నా దగ్గర. ఇద్దరం కలిసి తిప్పితేనే తెరుచుకుంటుంది. పొట్లాన్ని తూచి, నూరు గ్రాములని రాసి, లక్కతో సీలు వేశారు. కావలసి వచ్చినప్పుడు నేను ఇండెంటు, అంటే ఫలానాది కావాలన్న చీటీ, రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకాన్ని నమూనాతో సరిచూశాకే పొట్లం బయటికి వస్తుంది. నమూనా కార్డు మీద మూడు సంతకాలు చేసి, అవి నావేనని సరిచూసే అధికారి హోదాలో నేనే ధ్రువీకరించాను.

పెన్షనర్లు ఏటా తాము బతికే ఉన్నామని మా ముందుకు వచ్చి రుజువు చూపించుకోవాలి. ఆ నెలలు వచ్చాయి. ఒక బుధవారం పొద్దున్నే గొర్లె సన్యాసమ్మ వచ్చింది. సర్కారు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటి ఉంటాయి. నా ముందే కాగితం మీద సంతకం పెట్టింది. నేను నమూనా పక్కన పెట్టి చూశాను. నమూనాలో గీత నిటారుగా ఉంది. ఇది వంకర్లు పోయింది.

“కలవలేదమ్మా.”

“కలవకపోడవేటి బాబూ? నీ కళ్ళ ముందర నానే కదా ఏసినాను.”

“మీరే వేశారు. కానీ ఇది మీ సంతకం కాదు.”

“పొద్దున్నే సూది ఏసుకోని బస్సెక్కిసినాను నాయినా. ఏటీ తిన్నేదు. సెయ్యి ఒణుకుతంది.”

“చెయ్యి నిలబడ్డాక వేద్దురు గాని. అలా బెంచీ మీద కూర్చోండి.”

ఆమె బెంచీ మీద కూర్చుని కొంగుముడి విప్పబోయింది. అప్పన్న పరుగున వెళ్ళి, ఇక్కడ తీపి నిషేధమని బోర్డు చూపించాడు. ఆమె గోడ పట్టుకుంటూ గేటు బయటికి పోయి, ఎండలో నిలబడి బెల్లం ముక్క చప్పరించింది. మూసేసిన కిటికీ అద్దంలోంచి అదంతా నాకు కనబడింది. ఆ వణుకు ఏమిటో ఆ ఆఫీసులో నాకొక్కడికే తెలుసు. తెలిసీ, తరువాతి కాగితం తీసుకున్నాను.

ఆమె తిరిగొచ్చి బెంచీ మీద కూర్చునేసరికి పదకొండయింది, ఆఫీసరు గదిలో నెలవారీ కోరికల సమీక్ష మొదలైంది. సమీక్షకు ముందు అందరికీ వేలు పొడిచి, వచ్చిన షుగరు అంకెను పైకి చదువుతారు. ఆ అంకె తక్కువ రావాలని ఆ పొద్దున నేను ఇంజెక్షన్ మామూలుగానే తీసుకుని, ఒక్క ఇడ్లీతో లేచాను. కామేశ్వరి అడిగితే ఆఫీసులో తింటానన్నాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, ప్రోగ్రెస్ రిపోర్టుకు భయపడే పిల్లాడిలా తయారయ్యాను. తొంభై ఆరు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది గానీ, అబద్ధమెందుకు, సంతోషం కూడా వేసింది.

సమీక్ష ఒంటిగంటన్నర దాటింది. పెండింగు కోరికల దగ్గర చర్చ ఆగిపోయింది. మొదట నా వీపంతా చెమట పట్టింది. తరువాత తారకేశ్వరి చదువుతున్న మాటలు ఎక్కడో పక్కింట్లోంచి వినిపించినట్టయింది. ఆ తరువాత అందరి మీదా కారణం లేని కోపం వచ్చింది. షుగరు దిగిపోతున్నప్పుడు మనిషి ఒప్పుకోడు, నాకేం కాలేదంటాడు. నేనూ పది నిమిషాలు అలాగే కూర్చుని, చివరికి లేచాను.

“సార్, గ్లూకోజ్ కావాలి.”

“కావాలి అంటే?” అన్నారు చిదంబరం గారు, కలం ఎత్తి. “కోరికా, అవసరమా? కోరికైతే రిజిస్టరు. అవసరమైతే ఇండెంటు. రెండింటికీ పద్ధతులు వేరు.”

“అవసరమండి.”

“తొందరపడి తేల్చకండి. మనసు కోరికను అవసరంగా చూపిస్తుందని శిక్షణలో స్పష్టంగా చెప్పారు.”

తారకేశ్వరి లేచింది. “సార్, ఆయన మొహం చూడండి ముందు! పొట్లం తీసేద్దాం, కాగితాలు తరువాత రాసుకోవచ్చు.”

“మొహానికి నమూనా లేదమ్మా,” అన్నారాయన శాంతంగా. “సంతకానికి ఉంది.”

హాల్లోకి, బీరువా దగ్గరికి నడిపించారు. ఇండెంటు పెట్టారు. సంతకం చేశాను. చిదంబరం గారు దాన్ని నమూనా కార్డు పక్కన పెట్టి, వెలుతురుకు పట్టి చూశారు.

“ఇది మీది కాదు, బెహరా గారూ.”

నేనూ చూశాను. గీత వంకర్లు పోయింది. ఇరవై రెండేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను, ఆయన అన్నది నిజం. అది నా సంతకం కాదు. ఏ పెన్షనరైనా అలాంటిది తెస్తే నేను నిమిషం ఆలోచించను. ఆలోచించలేదు కూడా. కలం తీసుకుని నా ఇండెంటు మీద నేనే ‘సంతకము సరిపోలలేదు, తిరస్కరించడమైనది’ అని రాసి, కింద పొడి సంతకం పెట్టాను.

చిదంబరం గారు వంగి చూశారు. “ఈ పొడి సంతకం కూడా మీది కాదు.”

అప్పుడిక బీరువాకు చేరగిలబడి నేల మీద కూర్చున్నాను. నా చొక్కా జేబులో ఒక చెవి, ఆయన బొడ్లో ఇంకో చెవి, నా వీపు వెనక రెండంగుళాల ఉక్కు అవతల నా ప్రాణం. మూడూ అక్కడే ఉన్నాయి. చచ్చిపోతానేమోనని భయం వేసింది. దానికన్నా ముందు, ఒక్క ఇడ్లీ సంగతి కామేశ్వరికి తెలిసిపోతుందని భయం వేసింది.

“ఓలమ్మో, ఈ బాబుకి దిగిపోనాది! ఏటలాగ సూత్తన్నారు?”

బెంచీ మీంచి సన్యాసమ్మ వచ్చేసింది. కొంగుముడి విప్పుతూనే వచ్చింది. అప్పన్న అడ్డుపడ్డాడు. “అమ్మా, ఆఫీసులోకి తీపి...”

“నోర్ముయ్యి. ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో సేసినాను నాను.” నా పక్కన చతికిలబడింది. “నోరు తెరువు నాయినా. నమలొద్దు, సప్పరించు.”

“ఈ పదార్థం ఎవరి అనుమతితో...” అంటున్నారు చిదంబరం గారు. ఆమె అటు తిరిగి కూడా చూడలేదు.

బెల్లం కరిగింది. ఇంకో ముక్క పెట్టింది. తారకేశ్వరి తన మంచినీళ్ళలో మరో ముక్క కలిపి గ్లాసు పట్టుకుంది. గుమ్మంలో పెన్షనర్లు, చుట్టూ ఆఫీసు మొత్తం, అందరూ నేను తినడమే చూస్తున్నారు. పాకం గడ్డం మీద నుంచి కాలరు మీదికి కారింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, నలుగురు చూస్తుండగా తీపి తింటూ నాకు సిగ్గు వెయ్యలేదు. ఏడుపు వచ్చింది, అదీ బాగానే ఉంది.

పావుగంటకు మనుషులు మనుషుల్లా కనబడ్డారు. ఎవరో కిటికీ మేకు పీకారు, వాసన లోపలికి వచ్చింది. చిదంబరం గారు నా దగ్గర చెవి తీసుకుని, తన చెవితో కలిపి బీరువా తెరిచారు. సీలు చూసి, పొట్లం తూచారు.

“నూరు గ్రాములు. ఒక్క గ్రాము తేడా లేదు,” అన్నారు. ఆయన గొంతు నిజంగానే వణికింది, ఆనందంతో. ఆ తరువాత నీలం రిజిస్టరు నా ముందుంచారు. “బెల్లం. ఒంటిగంట యాభై. ఆరో ఖానా మీరే పూరించండి.”

‘జయించారా లేదా’ అనే ఆ ఆరో ఖానాలో ‘లేదు’ అని రాశాను. ఏడు నెలల్లో ఆ రిజిస్టరులో నేను రాసిన నిజం అదొక్కటే. ఆయన విచారంగా తల ఊపి, సంతకం చేసి వెళ్ళిపోయారు.

నేను నా సీట్లోకి వచ్చి సన్యాసమ్మ కాగితం తీశాను. ఆమె కలం పట్టుకుని, పెదవి బిగించి సంతకం పెట్టింది. గీత నిటారుగా వచ్చింది. నమూనాతో అచ్చంగా కలిసింది. ఇక దాని కింద ‘సరిచూడబడినది’ అని రాసి నేను సంతకం పెడితే ఆమె ఈ ఏడాదికి బతికున్నట్టే. కలం ఆన్చాను. నా చెయ్యింకా వణుకుతోంది. మొదటి గీతే పక్కకు జారింది.

ఆమె అది చూసింది.

“తొందరేటి నాయినా,” అంది. “సెయ్యి నిలబడ్డాక ఎయ్యి. నానలగ బెంచీ మీద కూకుంటాను.”

ఆ మాటలో వెటకారమేమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.